రెజ్యూమ్, సీవీ, బయోడేటా: ఎవరికి ఏది ఇవ్వాలి?

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో నాకొక చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. 18 ఏళ్లుగా ఇదే పని. పొద్దున షటర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా ఐదారుగురైనా వచ్చి అడిగే మాట ఒకటుంది. "అన్నా, అర్జెంటుగా ఒక బయోడేటా కొట్టియ్యన్నా." కొందరు రెజ్యూమ్ అంటారు, కొందరు సీవీ అంటారు. "ఏది కావాల మ్మా?" అని తిరిగి అడిగితే చాలామంది ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ తర్వాత "ఏదో ఒకటిలే అన్నా, అన్నీ ఒకటే కదా" అంటారు.

ఒకటి కాదు. మార్కులుండి, పని వచ్చి కూడా, తప్పు కాగితం పంపి వెనకబడిపోయిన పిల్లల్ని కళ్లారా చూశాను. ఆ కాగితం కొట్టిచ్చిన చేయి కొన్నిసార్లు నాదే. అందుకే నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

మూడు పేర్లు, మూడు పనులు

రెజ్యూమ్ ఫ్రెంచి మాట. ఫ్రెంచిలో రెజ్యుమే అంటే కుదించినది, సారాంశం అని. దాని వెనక ఉన్న లాటిన్ మాటకు 'మళ్లీ చేతిలోకి తీసుకోవడం' అని అర్థం. ఉన్నదంతా మళ్లీ చేతిలోకి తీసుకుని, ముఖ్యమైనవి ఏరి, మిగతావి వదిలేసి చెప్పడమన్నమాట. ఇంగ్లీషులోకి 19వ శతాబ్దం మొదట్లో ఈ మాట 'సారాంశం' అనే అర్థంతోనే వచ్చింది. ఉద్యోగానికి ఇచ్చే కాగితం అనే అర్థం ఆ తర్వాత వందేళ్లకు గానీ స్థిరపడలేదు, అది కూడా అమెరికాలో. ఫ్రాన్సులో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మాత్రం దాన్ని రెజ్యుమే అనరు. సీవీ అంటారు, వాళ్ల నోట అది 'సేవే' అని పలుకుతుంది. అక్కడ ఎవరినైనా రెజ్యుమే అడిగితే, పుస్తకానిదా సినిమాదా, దేని సారాంశం కావాలంటారు.

సీవీ అంటే కరిక్యులమ్ విటే. ఇది లాటిన్. జీవితం సాగిన దారి అని చెప్పుకోవచ్చు. బడిలో, కాలేజీలో వినే కరిక్యులమ్ కూడా ఇదే మాట, పరుగు అనే అర్థం నుంచి వచ్చింది. కాబట్టి సీవీలో మొదటి నుంచి ఇప్పటిదాకా నడిచిన దారంతా ఉంటుంది. చదివినవి, చెప్పిన పాఠాలు, రాసిన వ్యాసాలు, వెళ్లిన సదస్సులు, ఏదీ వదలరు.

ఇక బయోడేటా. మనిషి వివరాల పట్టిక. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు, మాట్లాడే భాషలు, పెళ్లయిందా లేదా. మన దేశంలో ఉద్యోగానికీ ఇదే, సంబంధానికీ ఇదే. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, రెజ్యూమ్‌లో ఏరుతారు, సీవీలో అంతా పెడతారు, బయోడేటాలో మనిషెవరో చెబుతారు. అవతల కూర్చున్నవాళ్లకు ఈ మూడింట్లో ఏది కావాలో చూసుకుని ఇవ్వాలి. కాగితం పైన ఏ పేరుందన్నది ఆ తర్వాతి సంగతి.

రెజ్యూమా, రెజ్యుమేనా?

షాపుకొచ్చే పిల్లలు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. ఇంటర్వ్యూ గదిలో తప్పు పలుకుతామేమోనని వాళ్లకు టెన్షన్. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో రెండు మాటలున్నాయి. ఆపిన పనిని మళ్లీ మొదలుపెట్టడాన్ని రిజ్యూమ్ అంటారు. ఫోన్‌లో ఆట మధ్యలో ఆపి మళ్లీ ఆడబోతే తెర మీద కనిపించేది అదే. ఉద్యోగపు కాగితాన్ని మాత్రం రెజ్యుమే అని, చివర ఏకారం వచ్చేలా పలుకుతారు. రెండూ ఆ ఒక్క లాటిన్ మాట బిడ్డలే. రెండోది ఫ్రెంచి ఇంట్లో పెరిగి వచ్చింది కాబట్టి చివరి అక్షరాన్ని పూర్తిగా పలుకుతుంది. కెఫే అనే మాటలో చివర 'ఫే' ఎలా వినిపిస్తుందో ఇక్కడ 'మే' అలా వినిపిస్తుంది.

తెలుగులో మాట్లాడుకునేటప్పుడు రెజ్యూమ్ అంటే తప్పేం లేదు. మన నోటికి అలా అలవాటైంది, నేను కూడా అలాగే అంటాను. మనం అచ్చ తెలుగు అనుకునే దరఖాస్తు కూడా ఫారసీ నుంచి వచ్చి మన నోట్లో కుదురుకున్నదే. మన ఊళ్లోనే కొలువు చేసిన సి.పి. బ్రౌన్ దొర, తెలుగులో కలిసిపోయిన ఇలాంటి పరాయి మాటల కోసమే 1854లో విడిగా ఒక నిఘంటువు అచ్చు వేయించాడు. కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంగ్లీషులో మాట్లాడాల్సిన చోట మాత్రం రెజ్యుమే అనండి.

రాతలో ఇంకో చిన్న చిక్కుంది. ఫ్రెంచిలో ఈ మాటలోని రెండు 'ఇ' అక్షరాల నెత్తిన చిన్న వాలు గీతలుంటాయి. ఇంగ్లీషు నిఘంటువులు రెండు గీతలతోనూ, చివరి దానికి ఒక్క గీతతోనూ, అసలు గీతలు లేకుండానూ మూడు రకాలుగా ఒప్పుకుంటాయి. ఏదో ఒకటి ఎంచుకుని కాగితమంతా అదే వాడండి. గీత కావాలనుకుంటే కంప్యూటర్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని, కుడివైపు అంకెల మీద 0233 కొడితే వస్తుంది. ఫైలు పేరులో మాత్రం ఆ గీత పెట్టొద్దు. అను ఫాంటులో కొట్టిన తెలుగును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు ఎలా వస్తాయో, కొన్ని వెబ్‌సైట్లలో ఈ గీత ఉన్న అక్షరం కూడా అలాగే చెడిపోతుంది.

కంపెనీ ఉద్యోగానికైతే

ప్రైవేటు కంపెనీకి, ముఖ్యంగా క్యాంపస్ సెలక్షన్లకు, రెజ్యూమే ఇవ్వాలి. చదువు ఇప్పుడే అయిపోయినవాళ్లకు ఒక్క పేజీ చాలు. ఈ మాట చెబితే అందరూ తలాడిస్తారు గానీ, తీసేయమంటే ఎవరికీ చేతులు రావు.

మైదుకూరు దగ్గర పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ చివరి ఏడాది. పెన్‌డ్రైవ్‌లో మూడు పేజీల కాగితం తెచ్చింది. సీనియర్ ఎవరో ఇచ్చిందట, అందులో పేరు మార్చి తనది పెట్టుకుంది. మొదటి పేజీలో సగం అడ్రసే. ఇంటి నంబరు, పోస్టు, మండలం, జిల్లా, పిన్‌కోడు, మళ్లీ అదే శాశ్వత చిరునామా కింద ఇంకోసారి. దాని కింద తండ్రి పేరు, తల్లి పేరు, తండ్రి వృత్తి. రెండో పేజీ నిండా కష్టపడే స్వభావం, త్వరగా నేర్చుకునే గుణం, నలుగురితో కలిసిపోయే తత్వం. పాటలు వినడం, పుస్తకాలు చదవడం. మూడో పేజీ అడుగున, డిక్లరేషన్‌కు కాస్త పైన, ఒకే ఒక్క లైను: 'ప్రాజెక్టు: స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్'.

"ఇదేం ప్రాజెక్టు మ్మా?" అన్నాను.

"ఏం లేదన్నా, మా నాయన పసుపు తోటలో పెట్టినాం. మట్టిలో తేమ తగ్గితే మోటరు దానంతట అదే ఆన్ అయితాది. తడిస్తే ఆగిపోతాది."

"నిజంగా తోటలో పెట్టినావా? కాలేజీలో చూపించేదానికా?"

"తోటలోనే అన్నా. ఎకరాకు. రెండు నెల్లు నడిచింది. కరెంటు రాత్రిళ్లు వచ్చేది కదా, మా నాయన లేచి పోయే పని తప్పింది."

ఆ పిల్ల దగ్గరున్నదంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. కాగితంలో మాత్రం అది అడుగున పడిపోయింది. ఇద్దరం కూర్చుని ఒక గంటలో దాన్ని మార్చాం. అడ్రసు తీసి ఊరు, ఫోను, మెయిలు ఒక్క లైనులో పెట్టాం. గుణగణాల పేజీ పూర్తిగా తీసేశాం. పేరు కిందే ప్రాజెక్టు వచ్చింది: ఎకరా పసుపు తోట, రెండు నెలలు, మట్టి తేమను బట్టి మోటారు ఆన్, ఆఫ్, సెన్సర్లు బిగించింది, ప్రోగ్రాం రాసింది తానే. దాని కింద చదువు, దాని కింద వచ్చిన కంప్యూటర్ భాషలు. పేజీ ఇంకా కొంచెం మిగిలింది. "ఖాళీగా ఉంటే బాగుండదేమో అన్నా" అంది. అలాగే ఉండనిమ్మన్నాను. రెజ్యుమే అనే మాటకు కుదించడమని అర్థం చెబితే అప్పుడు ఒప్పుకుంది.

మీరూ ఇలాగే చూసుకోండి. 'కష్టపడి పనిచేస్తాను' అని ఎవరైనా రాస్తారు. ఎకరా తోటలో రెండు నెలలు నడిపానని ఆమె ఒక్కతే రాయగలదు. మీరొక్కరే రాయగల లైను ఏదో అది పైకి రావాలి.

ఐటీ కంపెనీలకు ఆన్‌లైన్‌లో పంపేవాళ్లు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాలి. పెద్ద కంపెనీల్లో మీ కాగితాన్ని మనిషి కన్నా ముందు ఒక సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, రంగు డబ్బాలు ఉన్న డిజైన్లు ఇంటర్నెట్‌లో చూడటానికి బాగుంటాయి గానీ, కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని అడ్డదిడ్డంగా చదువుతాయి. ప్రింటౌట్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పంపితే అందులో అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. మామూలు వర్డ్‌లో, పైనుంచి కిందికి ఒకే వరుసలో కొట్టించుకుని, పీడీఎఫ్ చేయించుకోండి. వర్డ్ ఫైలు కూడా మీ మెయిల్‌కు పంపించుకోండి. రేపు ఒక లైను మార్చాలంటే మళ్లీ షాపుకు రావాల్సిన పని ఉండదు.

సీవీ ఎప్పుడు?

యోగి వేమన యూనివర్సిటీలోనో ఇంకెక్కడో పీహెచ్‌డీకి, రీసెర్చ్ ఫెలోషిప్‌కు, లెక్చరర్ పోస్టుకు వెళ్లేవాళ్లకు సీవీ కావాలి. ఇక్కడ కుదించొద్దు. వ్యాసాల జాబితా పూర్తిగా ఉండాలి, పత్రిక పేరు, సంవత్సరం, కలిసి రాసినవాళ్ల పేర్లతో సహా. నాలుగు పేజీలైనా పర్వాలేదు, అనుభవం ఉన్నవాళ్లకు పదైనా పర్వాలేదు. పోస్టుకు వాళ్లే ఫార్మాట్ ఇస్తే మాత్రం అదే నింపాలి, మీ సీవీ దాని వెనక జత చేయాలి.

దేశాన్ని బట్టి కూడా అర్థం మారుతుంది. అమెరికాలో కంపెనీ ఉద్యోగానికి రెజ్యూమ్, యూనివర్సిటీ పనికి సీవీ, రెండూ వేర్వేరు. బ్రిటన్‌లో దేనికైనా సీవీయే అంటారు, కంపెనీ ఉద్యోగానికి అక్కడ రెండు పేజీలు మామూలు. ఈ రెండు చోట్లా ఫోటో, వయసు, పెళ్లి సంగతి పెట్టరు. యూరప్‌లో చదువుకు వెళ్లే పిల్లలకు యూరోపాస్ అనే సీవీ పద్ధతి ఉంది. యూరోపియన్ యూనియన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా తయారు చేసుకోవచ్చు, దానికి నా షాపుకు కూడా రానక్కర్లేదు.

మన దేశంలో రెజ్యూమ్, సీవీ రెండు మాటల్నీ కలిపే వాడతారు. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో హెచ్ఆర్ ఫోన్ చేసి "మీ సీవీ పంపండి" అంటే వాళ్లు అడిగేది రెజ్యూమే. ఆ మాట పట్టుకుని ఆరు పేజీలు పంపొద్దు.

కువైట్‌కు పోయేవాళ్లకు

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. రాయచోటి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కువైట్‌లో తొమ్మిదేళ్లు ఇంటి డ్రైవర్‌గా చేసి వచ్చాడు, ఈసారి కంపెనీలో పెద్ద బండి డ్రైవర్‌గా పోవాలని. ఏజెంటు సీవీ తెమ్మన్నాడట. అప్పుడే నేను ఇంటర్నెట్‌లో అమెరికా పద్ధతి బాగా చదివి ఉన్నాను. ఫోటో వద్దు, పుట్టిన తేదీ వద్దు అని చక్కగా ఒక పేజీ చేసిచ్చాను. మూడో రోజు ఆయన మళ్లీ బస్సెక్కి వచ్చాడు. ఏజెంటు చూసి తిప్పి పంపాడట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఫోటో లేదంట అన్నా, పాస్‌పోర్టు సంగతి లేదంట" అని నిలబడ్డాడు. ఒక రోజు పని, బస్సు చార్జీలు ఆయనకు పోయాయి. ఆ రోజు నుంచి కాగితం ఏ దేశానికి, ఎవరి చేతికి అని అడగకుండా కీబోర్డు ముట్టుకోలేదు.

గల్ఫ్‌కు ఇచ్చేదాన్ని సీవీ అంటారు గానీ లోపల అది మన బయోడేటాకు దగ్గర. ఫోటో ఉండాలి. జాతీయత, వయసు, పాస్‌పోర్టు గడువు తేదీ, వీసా పరిస్థితి, డ్రైవరైతే ఏ లైసెన్సు, ఎక్కడిది, ఎప్పటిదాకా. అరబ్బీ వచ్చా, ఎంత వచ్చు. తొమ్మిదేళ్లు అక్కడ ఉన్న మనిషికి అరబ్బీ మాట్లాడటం రావడమే పెద్ద అర్హత, నేను మొదట కొట్టిన దాంట్లో ఆ లైను కూడా లేదు. పదో తరగతి పాసు కానివాళ్లలో చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అంటే కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. ఆ సంగతి సీవీలోనే రాస్తే తర్వాత గందరగోళం ఉండదు.

పాస్‌పోర్టు నంబరు మాత్రం ఎవరికి పడితే వాళ్లకు పంపే కాపీలో పెట్టొద్దు. ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఉన్నవాళ్లకే నంబరు ఇవ్వండి. చూడటం రాకపోతే ఏ నెట్ సెంటర్‌లో అడిగినా చూసి చెబుతారు, నేనైతే దీనికి డబ్బులు తీసుకోను.

బయోడేటా చాలే చోట్లు

ఊళ్లోని స్కూలు, నర్సింగ్ హోమ్, బట్టల షాపు, ఫైనాన్స్ ఆఫీసు. ఇలాంటి చోట బయోడేటా అడిగితే బయోడేటాయే ఇవ్వండి. ఒక పేజీ, పాస్‌పోర్ట్ సైజు ఫోటో, చదువు, ఇదివరకు చేసిన పని, ఎక్కడ ఉంటారు. ఊరి యజమానికి మీరెవరి తాలూకో, రోజూ ఎంత దూరం నుంచి వస్తారో తెలియాలి, అది న్యాయమైన ప్రశ్నే. ఆధార్ నంబరు మాత్రం రాయొద్దు. ఉద్యోగంలో చేరే రోజు అడిగితే చూపించొచ్చు. ఈ కాగితాలు ఎన్ని టేబుళ్ల మీద పడి ఉంటాయో నాకు తెలుసు. వెనక తెల్లగా ఉందని వాటి మీద లెక్కలు వేసుకోవడం చూశాను.

పెళ్లి బయోడేటా పూర్తిగా వేరే. గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, మేనమామల ఊరు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని వేరే ఫైలుగా, వేరే పేరుతో దాచుకోండి. ఒకసారి ఒక పెద్దాయన కొడుకు ఉద్యోగానికని ఫోన్‌లోంచి ఫైలు పంపించాడు, అవతలికి వెళ్లింది పెళ్లిది. రెండు ఫైళ్ల పేర్లూ 'బయోడేటా న్యూ' అనే ఉన్నాయి. ఆ అబ్బాయి పడ్డ బాధ చూసిన తర్వాత, నేను చేసిచ్చే ప్రతి ఫైలుకూ మనిషి పేరు, పక్కన దేనికో ఆ మాట పెడుతున్నాను.

ప్రభుత్వ ఉద్యోగాలకు మామూలుగా ఈ మూడూ అక్కర్లేదు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన దరఖాస్తు నింపడమే.

పైన ఏం కొట్టాలి?

అన్నీ అయ్యాక చివరికి అందరూ అడిగేది ఇదే. "అన్నా, పైన పెద్దక్షరాల్తో రెజ్యూమ్ అని కొట్టాలా, సీవీ అని కొట్టాలా?" బయోడేటాకైతే ఆ మాట ఉండనివ్వండి, చదివేవాళ్లు దానికే అలవాటుపడ్డారు. మిగతా రెండింటికీ ఏదీ వద్దు. ఆ చోట మీ పేరు పెద్దగా రావాలి. చూడగానే అది ఏ కాగితమో వాళ్లకు తెలుస్తుంది, తెలియాల్సింది మీ పేరే.

ఆ పేరు కూడా జాగ్రత్తగా రాయించుకోండి. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, పదో తరగతి సర్టిఫికెట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో విడిగా ఒక లైనులో ఉంటుంది, మెయిల్ ఐడీలో అసలే ఉండదు. దేశం లోపల ఉద్యోగానికైతే పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉంటే అలా, బయటి దేశానికైతే పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలా కొట్టించుకోండి. షాపుకు వచ్చేటప్పుడు ఆ రెండింటి జిరాక్సులు వెంట తెచ్చుకుంటే, చూసి కొట్టడానికి మాకూ వీలుగా ఉంటుంది.